మాణిక్యం వెనక్కి తెచ్చిన మూడు సీసాలు

అనగనగా ఒక అడవిలో, అంటే ఏదో చిన్నా చితకా అడవి కాదు పిల్లలూ, నేను చిటికెన వేలు ఆడిస్తే ఏనుగులు పక్కకు తప్పుకునే అడవిలో, ఒక మందుల కొట్టు ఉండేది. దాన్ని మాణిక్యం అనే ముళ్లపంది నడిపేది.

ఎలాంటి మందులనుకున్నారు! ఆవిడ దగ్గు మందు వాసన తగిలితే చాలు, దగ్గు మూడు కొండలు దాటి పారిపోయేది. నేను కళ్లారా చూశాను. పారిపోతూ నాకు దణ్ణం కూడా పెట్టింది.

మాణిక్యానికి ఒక పద్ధతి ఉంది. మందు కాచి, గుడ్డలో వడగట్టి, సీసాల్లో పోసేది. అమ్మేముందు ఒక సీసా ఆకుదొప్పలో వంచి, రంగు చూసేది, అడుగున ఏమైనా ఉందేమో చూసేది. అంతా బాగుంటేనే మిగతావి అమ్మేది.

ఒకరోజు చలిగాలి వీచింది. అడవంతా ఒకటే దగ్గు. కొట్టు ముందు తోపులాట.

"తొందరగా ఇవ్వవమ్మా! దగ్గలేక చస్తున్నాం!" అని గోల.

మాణిక్యం తొందరపడింది. "ముందు ఇచ్చేద్దాం, తరవాత చూద్దాం" అనుకుంది. మూడు సీసాలు అమ్మేసింది. జనం తగ్గాక నాలుగోది దొప్పలో వంచింది. అడుగున, మందాకుల్లో కలిసి వచ్చిన ఒక ఉమ్మెత్త గింజ! వడగట్టిన గుడ్డ చిరిగి ఉంది.

ఉమ్మెత్త గింజ విషం పిల్లలూ. బండరాళ్లు నమిలి అరిగించుకున్న నేను కూడా దాని జోలికి పోను.

కొట్టులో వాటాదారు గవరయ్య అనే తొండ. అతను తల పైకీ కిందకీ ఊపుతూ, "నోరెత్తకు మాణిక్యమ్మా! గింజ ఈ సీసాలో పడింది. మిగతావాటిలో లేదులే" అన్నాడు.

"లేదని నువ్వు చూశావా?"

"చూళ్లేదనుకో..."

"నేనూ చూళ్లేదు. అందుకే వెళ్తున్నా."

"పులిరాజు ఏమన్నాడో మరిచిపోయావా? మందులో తేడా వస్తే కొట్టు మూయిస్తానన్నాడు. కొట్టు పోతే ఏం తిని బతుకుతావు?"

మాణిక్యం కొట్టు తలుపు బిగించి పరుగు తీసింది. ముళ్లపంది ఏం పరుగెత్తుతుంది అంటారేమో! ఆ పరుగుకు లేచిన దుమ్ము సూర్యుడి కళ్లలో పడి, పాపం, ఆ పూటంతా నులుముకుంటూనే ఉన్నాడు. గవరయ్య గొణుక్కుంటూ వెనకాలే వెళ్లాడు.

మొదటి సీసా ఎలుగుబంటి దగ్గర ఉంది.

"అన్నా, ఆ మందు తాగకు. వెనక్కి ఇచ్చెయ్" అంది మాణిక్యం.

"భలేదానివే! ఇందులో సగం తేనే. నోటిదాకా వచ్చింది నీకెందుకిస్తాను?"

"వడగట్టడంలో నేను తప్పు చేశాను. లోపల విషపు గింజ ఉండొచ్చు."

"అమ్మ బాబోయ్! ఇంకోసారి నీ కొట్టు గడప తొక్కితే ఒట్టు!" అంటూ ఎలుగు సీసా ఇచ్చేసింది.

మాణిక్యం దాన్ని ఆకులో వంచింది. గింజ లేదు.

రెండో సీసా నెమలి ఇంట్లో ఉంది. సంగతి చెప్పగానే నెమలి చెట్టెక్కి, "విన్నారా! మాణిక్యం మందులో విషమట!" అని అడవి దద్దరిల్లేలా అరిచింది. ఆ సీసా కూడా వంచి చూశారు. గింజ లేదు.

"చూశావా?" అన్నాడు గవరయ్య. "రెండింట్లోనూ ఏమీ లేదు. పరువు మాత్రం గంగలో కలిసింది. మూడోది పులిగుహకు పోయింది. అక్కడికి వెళ్లి మెడ చాపుతావా? ఇంటికి పద."

మాణిక్యం కాళ్లు ఆగాయి.

"ఆ సీసా తాగేది ఎవరు గవరయ్యా?"

"పులిపిల్ల."

"పసిపిల్ల కదా" అంది మాణిక్యం. మళ్లీ పరుగు తీసింది. గవరయ్య మాత్రం గబగబా చెట్టెక్కేశాడు.

గుహలో పులిరాజు పిల్లను ఒళ్లో పెట్టుకున్నాడు. మందు చెంచా పిల్ల పెదవుల దాకా వచ్చింది.

"దొరా! పొయ్యకండి!"

పులి గర్జించాడు. నేనైతే ఆ మీసాలు పట్టుకుని ఉయ్యాల ఊగేవాణ్ణి, నా సంగతి వేరు. మాణిక్యం గడగడా వణికింది. వణుకుతూనే ముందుకు వెళ్లి, చెంచా పక్కకు నెట్టి, సీసా ఆకులో వంచింది.

అడుగున మూడు గింజలు!

పులి పిల్లను గుండెకు హత్తుకున్నాడు. "ఈ తప్పు ఎవరిది?" అన్నాడు.

"నాదే దొరా. ముందు చూడాల్సింది తరవాత చూశాను."

"కొట్టు మూయిస్తానన్నాను. గుర్తుందా?"

"మీరు మూయించక్కర్లేదు. నేనే మూసి వచ్చాను. కొత్త గుడ్డ వస్తేనే తెరుస్తాను, అదీ మీరు సరేనంటేనే. కానీ పిల్ల దగ్గుతోంది. ముందు మంచి మందు కాయనివ్వండి."

పులి చెంచా పక్కన పెట్టాడు. "కాయి. నేను పక్కనే కూచుంటాను."

మాణిక్యం పులి ఇంట్లోని కొత్త గుడ్డతో రెండుసార్లు వడగట్టింది. దొప్పలో పోసి పులికి చూపించింది. ముందు తను ఒక గుక్క తాగింది. తరవాత పిల్లకు పట్టింది. దగ్గు తగ్గి పిల్ల హాయిగా నిద్రపోయింది.

అప్పుడు పులి అన్నాడు: "తప్పు చేసి దాక్కున్నవాళ్లను ఎందరినో వెతికి పట్టుకున్నాను. తప్పు చేసి నన్ను వెతుక్కుంటూ వచ్చినదానివి నువ్వొక్కదానివే. ఈ గుడ్డ పట్టుకెళ్లు. కొట్టు తెరువు. ఇకమీదట ఎవరెంత తోసినా తొందరపడకు."

కొట్టు తెరిచిన రోజు మొదట వచ్చింది ఎవరనుకున్నారు? ఒట్టు పెట్టుకున్న ఎలుగే! మందు ఇంటికి తీసుకెళ్తే, పెళ్లాం సీసా మూత తీసి అనుమానంగా చూసింది.

"ఏమయ్యా, ఈ మందు మంచిదేనా?"

"మాణిక్యం పరుగెత్తుకుంటూ వచ్చిందా?"

"రాలేదే!"

"మరింకేం? తాగు!"

నీతి: ఎదుటివారి ప్రాణం మన చేతిలో ఉన్నప్పుడు, కళ్లతో చూడనిదాన్ని బాగుందని అనకూడదు. తప్పు జరిగితే దాచకుండా వెంటనే చెప్పి సరిదిద్దేవారినే లోకం నమ్ముతుంది.