నూనె పూసిన నేల

ఒకప్పుడు సింగపురి రాజ్యాన్ని ప్రచండసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు తన మీద తనకు మహా గౌరవం.

రాజధానిలో ఆయన పెద్ద పట్టు అంగడి కట్టించాడు. పైకప్పు లోపలి వైపు నిండా తన ముఖం బొమ్మ గీయించాడు. నేలకు నల్లరాయి పరిపించి, అద్దంలా మెరవాలని రోజూ ఆముదంతో రుద్దించేవాడు. అది మెరిసింది నిజమే, జనం జారిపడుతున్నదీ నిజమే. ఒక ముసలి వర్తకుడికి తుంటి విరిగింది. ఆ తర్వాత ఓబులమ్మ అనే సాలె స్త్రీ చీరల మూటతో సహా పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఆమె కట్టుకట్టిన చేత్తో కొలువుకు వచ్చింది.

"ప్రభూ, నా చెయ్యి ఆడితేనే మగ్గం ఆడేది. ఇది తమ అంగడి. చెయ్యి బాగయ్యేదాకా నా ఇంటిని తమరే చూడాలి. ఆ నేలనూ బాగుచేయించాలి."

రాజు మీసం దువ్వాడు. "నేల కదిలిందా, నువ్వు కదిలావా?"

"నేనే కదిలాను దొరా."

"అయితే తప్పు నీదే! నా నేల మీద నింద వేసినందుకు ఏడాదిపాటు అంగడి గడప తొక్కకు."

ఓబులమ్మ ముఖం పాలిపోయింది. ఏడాది అమ్మకం లేకపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

కొలువులో తిప్పన అనే చమత్కారి ఉన్నాడు. అతను లేచి, "ప్రభూ, తీర్పు చక్కగా ఉంది. తమరు ఒక్కసారి ఆ చోటు చూసి ముద్ర వేస్తే ఇంకెవరూ నోరెత్తరు" అన్నాడు.

రాజుకు ఆ మాట నచ్చి, తిప్పననూ ఓబులమ్మనూ వెంటబెట్టుకుని అంగడికి బయలుదేరాడు. ఎప్పుడూ పల్లకిలోంచే అంగడిని చూసినవాడు, ఆ రోజు దిగి లోపలికి పాదం ఎత్తాడు.

"ఆగండి ప్రభూ!" అని తిప్పన కేకవేశాడు. "ముక్కు!"

"ఎవరి ముక్కు?"

"తమరిదే. దాని మీద కాలు వేయబోతున్నారు."

రాజు కిందికి చూశాడు. పైకప్పు మీది బొమ్మ నూనె నేలలో కిరీటంతో సహా కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడే ఒక బేరగాడు బురద చెప్పులతో రాజుగారి ఎడమ చెంప మీదుగా నడిచి పోయాడు.

"రోజూ ఇంతేనా?" అన్నాడు రాజు.

"రోజుకు మూడు నాలుగు వందల మంది ప్రభూ. నిన్న గడ్డం మీద ఎవరో తాంబూలం ఉమ్మారు కూడా."

"పక్కనుంచి నడవమని చాటించు!"

"పక్క ఎక్కడుంది ప్రభూ? ఈ చెవి నుంచి ఆ చెవికి నలభై అడుగులు."

"అయితే ఈ మెరుపు పోవాలి! రాళ్ళు గరుకుగా చెక్కించండి. నూనె ఆపండి. గుమ్మంలో కొబ్బరిపీచు చాపలు పరచండి!"

తిప్పన చేతులు కట్టుకుని, "చిత్తం. తప్పు నేలదేనని తమరే తేల్చారు. మరి ఓబులమ్మ సంగతి?" అన్నాడు.

 రాజు ఓబులమ్మ వైపు తిరిగి, "నువ్వు కూడా నా ముఖం మీదే పడ్డావా?" అని అడిగాడు.

"తెలియదు దొరా. పడ్డప్పుడు నాకు నొప్పి తప్ప ఏమీ కనిపించలేదు."

 రాజు కాసేపు ఆమె చేతికట్టు వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తిప్పనా, నా తీర్పును నా చేతే కొట్టేయించావు గదరా!"

చెయ్యి కుదిరేదాకా ఓబులమ్మ ఇంటికి, తుంటి విరిగిన ముసలాయన ఇంటికి కోటనుంచి దినుసులు పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. రాజుగారి కట్టడంలో జారిపడినవారి బాగోగులు రాజే చూడాలని శాసనం రాయించాడు. తన చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు.

మూడు నెలలు గడిచాక ఓబులమ్మ కొత్త చీరల మూట నెత్తిన పెట్టుకుని అంగడికి వచ్చింది. కిందికి చూడకుండానే తన చోటికి నడిచి వెళ్ళి, మూట దించి, మొదటి బేరానికి చీర విప్పింది.