గులకరాళ్ళ గడప

అనగనగా ఒక ఎర్ర గరుసు నేల. దాని అంచున ఎండిన వాగు, వాగుకు అవతల కొర్రచేను. ఇవతలి మెరక మీద, ఒక పెద్ద గుండురాయి పక్కన, బొరియ తవ్వుకొని ఒక చిట్టెలుకల జంట కాపురముండేది. మగని పేరు నూగయ్య, ఆలి పేరు రవ్వమ్మ.

బొటనవేలంత జీవులు వాళ్ళు. వీపున వెంట్రుకలు ముళ్ళలా బిరుసు, పొట్ట మాత్రం దూదిలా తెలుపు. ఆ జాతికి ఒక అలవాటుంది. శనగగింజంత గులకరాళ్ళను నోట కరచి తెస్తాయి. చెమ్మ ఎక్కకుండా కొన్నిటిని లోపల పడకలా పరుచుకుంటాయి. మిగిలినవాటితో తెల్లవారేసరికి వాకిలి మూసేస్తాయి. పొద్దుగూకేదాకా ఇక తీయవు.

రవ్వమ్మ నలుగురు పిల్లల్ని కని వారమైంది. పిల్లలింకా కళ్ళు తెరవలేదు. ఆ సాయంత్రం నూగయ్య గింజల కోసం బయలుదేరాడు.

"మబ్బు పట్టింది మావా, ఇవాళ పోవద్దు" అంది రవ్వమ్మ.

"పాలిచ్చేదానివి, పస్తుంటే ఎలా? తెల్లారేలోగా వచ్చేస్తా. రాలేదనుకో, నా కోసం వాకిలి తెరిచి ఉంచకు" అని వెళ్ళాడు.

కుండపోతగా వాన కురిసింది. వాగు నిండుగా పారింది.

తూరుపు ఎర్రబడింది. వాకిలి మూయడానికి ఇంకొక్క రాయే మిగిలింది. ఆ రాయి నోట కరచుకొని రవ్వమ్మ వాగువైపే చూస్తూ నిలబడింది. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంది. పైన గద్ద అరిచింది. లోపల పిల్లలు కీచుమన్నారు. కళ్ళు మూసుకొని ఆ రాయి పెట్టేసింది.

నూగయ్య రాలేదు. మర్నాడూ రాలేదు.

పడకలో అతను పడుకునే చోట చిన్న గుంట ఉండేది. పిల్లలు అందులోకి దొర్లితే రవ్వమ్మ మెల్లగా ఇవతలికి లాక్కునేది. ఆ చోటును అలాగే ఉండనిచ్చేది. పొద్దుగూకగానే వాగు ఒడ్డుకు పోయి "మావా, నూగయ్య మావా! నేను, నీ రవ్వని!" అని పిలిచేది. నీళ్ళ హోరే వినిపించేది.

ఆ పిలుపును ముంగిస విన్నది. పామూ విన్నది.

పిల్లలు కళ్ళు తెరిచిన మర్నాడు, పగటివేళ వాకిట గొంతు వినిపించింది. "రవ్వా, నేనే! కంకులు తెచ్చా, తలుపు తియ్యి!"

రవ్వమ్మ వాకిటికి పరుగెత్తింది. వానతడికి వాసనలన్నీ కలగలిసిపోయాయి. గొంతునే నమ్ముకోవాలి.

"ఏం కంకులు మావా?"

"ఏవైతేనేం? తీయవే త్వరగా!" అని ముంగిస కసిరింది.

నూగయ్య ఏనాడూ కసరలేదు. రవ్వమ్మ ఇంకో రాయి పేర్చింది.

మర్నాడు మరో గొంతు సన్నగా మూలిగింది. "రవ్వా, కాలు విరిగింది. చలికి చచ్చిపోతున్నా. నన్నిలా వదిలేస్తావా?"

రవ్వమ్మ ఏడుస్తూ రెండు రాళ్ళు లాగేసింది. మూడోదాని మీద చెయ్యి వేసి ఆగింది.

"కాలు విరిగితే వాగెలా దాటావు?"

బుస్సుమని గాలి వచ్చింది. గబగబా సందు మూసేసింది. పాము వెళ్ళిపోలేదు. వాకిటి పొద కింద చుట్ట చుట్టుకొని కూర్చుంది.

మూడోనాడు పొద్దున గుండు వైపు నుంచి నీరసంగా ఒక పిలుపు వచ్చింది.

"రవ్వా! తలుపు తియ్యకు. పొద కింద పాముంది. పిల్లలు బాగున్నారా? నువ్వు ఏమైనా తిన్నావా?"

రవ్వమ్మ గోడకు చెవి ఆనించింది. నిన్నా మొన్నా వచ్చినవాళ్ళు ఈ మాట అడగలేదు.

"ఎక్కడున్నావు మావా?"

"గుండు కింద సందులో. పాము ఇందులో దూరలేదు. అది పోయాకే వస్తా. నువ్వు మాత్రం కదలకు."

"మాట్లాడుతూనే ఉండు మావా!" అంది రవ్వమ్మ.

వాకిలికి వీపు తిప్పి, గొంతు వచ్చే వైపుకు నేల తవ్వడం మొదలుపెట్టింది. గరుసు గట్టిగా ఉంది. గోళ్ళు అరిగాయి, మూతి నెత్తురోడింది. అవతల నూగయ్య చెబుతూనే ఉన్నాడు. వాగు తనను జొన్నదంటు మీద ఎంత దూరం మోసుకుపోయిందో, నీళ్ళు తీసేదాకా అవతలి ఒడ్డున ఎన్ని సాయంత్రాలు నిలబడ్డాడో. ఎదురుగా పాము వాకిలికేసి చూస్తూనే ఉంది.

పొద్దు వాలేవేళకు మట్టి పెళ్ళ ఒకటి జారింది. సందులో నూగయ్య మీసాలు కనబడ్డాయి. ఇద్దరూ మూతులు ఆనించుకున్నారు.

లోపలికి తీసుకొస్తే పిల్లలు బెదిరి మూలకు చేరారు. "ఈయనెవరమ్మా?" అన్నాడు చిన్నవాడు.

"మీ నాన్నరా!" అంటూ రవ్వమ్మ వాళ్ళను పడకలోని గుంట వైపు నెట్టింది.

పిల్లలూ, తలుపు తియ్యమనే గొంతులు ఎన్నో వస్తాయి. లోపలున్నవాళ్ళు క్షేమమేనా అని ముందుగా అడిగేదే మనవాళ్ళ గొంతు.