వాన చూడని అతుకు

భార్గవ కారుకు నూటికి తొంభై ఒక్క మార్కులు వచ్చాయి. పోయిన తొమ్మిదీ ఒకే చోట పోయాయి.

పాత కార్ల క్లబ్బు పరిశీలకుడు రాసిచ్చిన కాగితంలో కారణం స్పష్టంగా ఉంది. ఎడమవైపు తలుపు కింద పొడుగునా ఉండే ఇనప పట్టీ మీద వెల్డింగ్ గీత బయటికి కనిపిస్తోంది. దాని మీద తుప్పు పట్టకుండా పూసే ఎర్రటి రెడాక్సైడ్ తప్ప రంగు లేదు. కుడివైపు పట్టీ మాత్రం అద్దంలా ఉంది. దానికి పూర్తి మార్కులు.

తొంభై మూడుతో ఇంకో కారు ముందుంది. ఎడమ పట్టీ నున్నగా చేయించుకుంటే మొదటి స్థానం భార్గవదే. తుది ప్రదర్శనకు ఎనిమిది రోజుల గడువు ఉంది. అక్కడ నెగ్గిన కారు పూనాలో దేశం మొత్తం నుంచి వచ్చే కార్ల మధ్య నిలబడుతుంది.

ఎడమవైపు అతుకు వేసింది గవరయ్య మేస్త్రీ. అడగాల్సింది ఆయన్నే. అక్కడే చిక్కు.

గవరయ్యకు అరవై ఏడేళ్లు. విశాఖపట్నం కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఆయన షెడ్డు. లారీ క్యాబిన్లకీ ఆటోలకీ రేకు పని చేస్తాడు. ఆయనకొక పద్ధతి ఉంది. కొత్తగా వేసిన అతుకును వెంటనే రంగు కింద దాచడు. రెడాక్సైడ్ పూసి ఒక వానాకాలం వదిలేస్తాడు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో తుప్పు లోపలి నుంచి వస్తుంది. వచ్చేదుంటే ఆ నాలుగు నెలల్లో గీత పక్కన పొక్కులా లేస్తుంది. లేవకపోతే అప్పుడు లప్పం, రంగు. వాన చూడని అతుకు అతుకే కాదంటాడు. తొందరపడేవాళ్ల చేతిలో తాళంచెవి పెట్టి పంపేస్తాడు.

ఎడమ పట్టీ దీపావళి వెళ్లాక వేశాడు. ఇప్పుడు ఫిబ్రవరి. అది ఇంకా వానాకాలం చూడలేదు.

భార్గవ పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీలో నాణ్యత విభాగం మేనేజరు. వయసు ముప్పై ఎనిమిది. ఆరేళ్ల కిందట భీమిలి దారిలో మూతపడిన రొయ్యల ఫ్యాక్టరీ షెడ్డులో అతనికి ఆ కారు కనిపించింది. 1988 నాటి జర్మనీ కారు, రెండు తలుపులది. పన్నెండేళ్లు ఉప్పుగాలి తిన్నది. దాన్ని లారీ మీద వేయించుకుని ఎనిమిది షెడ్లు తిరిగాడు. ఏడుగురు తూకానికి ఇచ్చేయమన్నారు. ఎనిమిదో మనిషి గవరయ్య. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఆదివారాలు ఖాళీయేనా అని అడిగాడు.

మొదటి ఆరు నెలలు భార్గవ చేత వైరు బ్రష్షుతో తుప్పు గీకించాడు. ఆ తర్వాతే సుత్తి పట్టనిచ్చాడు. భార్గవ ఆ కారు కంపెనీదే ఇంకో పెద్ద కారు నుంచి ఆరు సిలిండర్ల ఇంజను సంపాదించి బిగించాడు. స్ప్రింగులు మార్చాడు. ఆ ఇంజనుకు తగ్గ బ్రేకులు వేశాడు. ఇంజను మొదటిసారి పలికిన రోజు పట్టాల అవతల టీ కొట్టులో ఉన్నవాళ్లు లేచి వచ్చి చూశారు.

ఇంట్లో మాత్రం ఎవరూ లేచి రాలేదు. మామగారు ఎప్పుడు ఫోన్ చేసినా, అల్లుడు కులాసా అని అడగడానికి ముందు తుక్కు కులాసా అని అడిగేవారు. ఆరేళ్ల ఆదివారాలకు జవాబుగా ఒక కప్పు ఇంటికి తేవాలని భార్గవ పట్టుదల. దానికి తొమ్మిది మార్కులు అడ్డం పడ్డాయి.

మార్కులు వచ్చిన సాయంత్రం కారు షెడ్డులో పెట్టి కాగితం చదివి వినిపించాడు. ఎడమ గీతను సానపట్టి, లప్పం పెట్టి, రంగు వేయమన్నాడు. మేస్త్రీ ఒప్పుకోకపోతే నూకరాజు చేత వేయించుకుంటానన్నాడు. నూకరాజు ఆ షెడ్డులోనే రంగులు వేసే మనిషి. పేరు వినగానే అతను స్ప్రే గన్ను కడగడం మొదలుపెట్టాడు.

గవరయ్య అంతా విన్నాడు. జనవరిలో ఆయన ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దాని తర్వాత పాతిక రోజులు అనకాపల్లిలో కూతురి దగ్గర ఉండి వచ్చాడు. ఆకుపచ్చ కళ్లద్దాలు ఇంకా తియ్యలేదు.

"కుడిపక్క ఎవరు సేసారు?" అని అడిగాడు.

తనే చేశానని భార్గవ చెప్పాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు, నాలుగు రోజుల్లో చేశానన్నాడు. గొంతులో కొంచెం గర్వం ఉంది. పూర్తి మార్కులు వచ్చిన పని మరి.

"మేస్త్రీకి అక్కడ ఆపరేషన్ అవుతుంటే, ఇక్కడ మీరు ఇంకోటి సేసేసారేటి బాబూ" అన్నాడు నూకరాజు.

గవరయ్య లేచి గూట్లోంచి స్క్రూ జాకీ తీశాడు. ముందు ఎడమవైపు పట్టీ కింద, చక్రానికి జానెడు ఇవతల పెట్టి తిప్పాడు. పట్టీ చప్పుడు చెయ్యలేదు. కారు పైకి లేచింది, చక్రం నేల వదిలింది. మళ్లీ దించాడు.

జాకీ తీసుకుని కుడివైపుకు వెళ్లాడు.

భార్గవ ఒక అడుగు ముందుకు వేశాడు. వద్దని అనబోయాడు గానీ, ఎందుకు వద్దో చెప్పాల్సి వస్తుందని ఆగిపోయాడు.

మూడో తిప్పుకు అప్పడం విరిగిన చప్పుడు అయింది. జాకీ తల పట్టీలోకి దిగిపోయింది. కారు అంగుళం కూడా లేవలేదు. అరచెయ్యంత లప్పం పెచ్చు, దాని మీద మెరిసే నీలం రంగుతో సహా, ఊడి నేల మీద పడింది. లోపల లప్పం ఆనడానికి పెట్టిన ఇనప జాలీ ముక్క. దాని వెనకనుంచి తుప్పు పొడి సన్నగా రాలుతూ ఉంది.

నూకరాజు గన్ను కడగడం ఆపాడు.

గవరయ్య మోకాళ్ల మీద నుంచి లేచి చేతులు దులుపుకున్నాడు. "దారిలో టైరు పంచరైతే ఏ పక్క ఎత్తుతావు బాబూ?"

భార్గవ ముఖం ఎర్రబడింది. ఎనిమిది రోజుల్లో ప్రదర్శన పెట్టుకుని ఇలా చేస్తారా అన్నాడు. ఆరేళ్ల పని పాడు చేశారన్నాడు. నోటితో చెబితే సరిపోయేది కదా అన్నాడు. చివరికి, మార్కులు వేసేవాళ్లెవరూ జాకీ పెట్టి చూడరన్నాడు.

"నేను పెట్టాను కదా."

ఆ మాట అని మేస్త్రీ తన ఆటో పని దగ్గరికి వెళ్లిపోయాడు.

నూకరాజు మంచివాడే. నెమ్మదిగా దగ్గరికొచ్చి, పెచ్చు మళ్లీ అతికించి రెండు రోజుల్లో రంగు వేసేస్తానన్నాడు. ఎడమవైపు గీత కూడా అదే చేత్తో మాయం చేస్తానన్నాడు. మేస్త్రీ ఎవరికీ చెప్పడని, ఆయనకు ఆ అలవాటు లేదని కూడా అన్నాడు.

భార్గవ చాలాసేపు కుడి పట్టీ ముందు గొంతుక్కూర్చున్నాడు. పట్టాల మీద రెండు గూడ్సు బళ్లు వెళ్లాయి. తర్వాత లేచి గోడకున్న గ్రైండరు తీసుకున్నాడు. మిగిలిన లప్పం, జాలీ, దాని వెనకాల మెత్తబడిన రేకు, అంతా కోసేశాడు. మంచి ఇనుము తగిలేదాకా కోశాడు. మూరెడు ఖాళీ వచ్చింది. అందులో కొబ్బరికాయ పట్టేలా ఉందని నూకరాజు కొలిచి చెప్పాడు.

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టాడు. తర్వాత ఇంకో నాలుగు రోజులు పొడిగించాడు.

రేకు కొట్టి వంపు తేవడానికి రెండు రోజులు పట్టింది. పలచని రేకు మీద వెల్డింగ్ కష్టం. ఒక్క క్షణం ఎక్కువ ఆగితే చిల్లు పడుతుంది. మొదటి ముక్క అలాగే పోయింది. రెండోదీ పోయింది. గవరయ్య చెయ్యి వెయ్యలేదు. కంటికి మెరుపు తగలకూడదని డాక్టరు చెప్పినందువల్ల వీపు తిప్పి స్టూలు మీద కూర్చున్నాడు. చప్పుడు వింటూ ఉన్నాడు. పోపు వేగుతున్నట్టు ఒకే తీరున చిటపటలాడినంతసేపు ఊరుకున్నాడు. తీరు మారగానే "ఆపు" అన్నాడు. ఐదు రోజుల్లో ఆయన మాట్లాడింది దాదాపు అంతే.

మూడో ముక్క నిలిచింది. ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నానికి గీత పూర్తయింది. భార్గవ దాని మీద రెడాక్సైడ్ పూశాడు. చీకటి పడేలోగా నున్నగా చేసి రంగు వేసేస్తానని నూకరాజు డబ్బా మూత తీశాడు. వద్దని భార్గవ డబ్బా మూసేశాడు.

ఆదివారం పొద్దున బీచ్ రోడ్డులో కార్లు బారులు తీరాయి. పరిశీలకుడి పేరు శేషాద్రి. బెంగళూరు నుంచి వచ్చిన విశ్రాంత ఇంజనీరు. మర్యాద తెలిసిన మనిషి, మార్కుల దగ్గర మాత్రం ఎవరినీ మన్నించడు. భార్గవ కారు దగ్గరకొచ్చి ఎడమవైపు వంగి చూశాడు. గీత అలాగే ఉంది. కుడివైపుకు వచ్చాడు. అక్కడా ఒక ఎర్రటి గీత ఉంది. పాత కాగితం తీసి చూసుకుని మళ్లీ వంగాడు.

"పోయినసారి ఈ పక్కకి పూర్తి మార్కులు ఇచ్చానండీ."

"అప్పుడు లోపల ఏమీ లేదండి" అన్నాడు భార్గవ.

శేషాద్రి నిటారుగా నిలబడ్డాడు. లోపల ఏముందో చూసి మార్కులు వేయడానికి తన కాగితంలో గడి లేదని, కనిపించినదానికే వేయాలని వివరించాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఇంజనుకూ బ్రేకులకూ ఈ బారులో దీనికి సాటి ఇంకోటి లేదని కూడా చెప్పాడు. గడియారం చూసుకుని గొంతు తగ్గించాడు. నిబంధనల ప్రకారం మధ్యాహ్నం రెండు గంటల దాకా చిన్న మెరుగులు చేసుకోవచ్చట. రంగు మనిషిని పిలిపిస్తే ఈ కారు దగ్గరికి ఆఖరున వస్తానన్నాడు. రెండు పక్కలా కప్పేస్తే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడు.

నూకరాజు రోడ్డుకు అవతల మోటారు సైకిలు మీదే ఉన్నాడు. లప్పం, రంగు, ఎండబెట్టే దీపం, అన్నీ సంచీలో పెట్టుకుని తనంతట తనే వచ్చాడు. భార్గవ అటు చూశాడు. అతను సంచీ పైకెత్తి చూపించాడు.

"వానలు వెళ్లాక వేస్తానండి" అన్నాడు భార్గవ.

"పోటీ ఈరోజు."

"తెలుసండి."

శేషాద్రి కలం తీసి రెండు గళ్లలో అంకెలు రాసి పక్క కారుకు వెళ్లాడు.

మధ్యాహ్నం మామగారు ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి చూశారు. తలుపు కింద ఈ ఎర్ర మచ్చలేమిటని ఆ వచ్చిన మనిషి అడిగాడు. మామగారు నవ్వి, మా అల్లుడు తుక్కును తుక్కులాగే ఉంచుతాడని చెప్పారు. భార్గవ అక్కడే ఉన్నాడు. గుడ్డ తీసుకుని ఆ రెండు పట్టీల మీద పడిన ఇసుక తుడిచాడు. రోజంతా వాటిని తుడుస్తూనే ఉన్నాడు, అందరి కళ్లూ అటే పడేలా.

సాయంత్రం నాలుగున్నరకు కంచరపాలెం షెడ్డు ముందు కారు ఆగింది. గవరయ్య ఒక ఆటో కింద నుంచి బయటికి వచ్చాడు.

"ఏటన్నారు?"

పద్నాలుగు కార్లలో పదకొండో స్థానం వచ్చిందని భార్గవ చెప్పాడు.

మేస్త్రీ తల ఊపాడు. తడి గుడ్డతో చేతులు తుడుచుకుని కుడివైపుకు వచ్చి కూర్చున్నాడు. ఆకుపచ్చ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి, బొటనవేలితో గీత మొత్తం నెమ్మదిగా తడుముతూ వెళ్లాడు. మూడొంతులు దాటాక వేలు ఆగింది. కొంచెం వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది.

"ఇక్కడ సెయ్యి వణికింది."

"అవునండి. సానపట్టి సరిచెయ్యనా?"

గవరయ్య వేలు తియ్యలేదు.

"ఉండనీ" అన్నాడు.