బోయీ నాటిన చింతతోపు

అనగా అనగా, కొండల పైదాకా ఇంకా బండి బాటలు పడని కాలాన, నెమలికొండ అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని ఏలే వసంతభూపతికి గుర్రాలున్నాయి, ఏనుగొకటి ఉంది. అయినా ఆయన ఎక్కడికి వెళ్ళినా పల్లకీలోనే వెళ్ళేవాడు. ఎందుకంటే ఆ కొండదారుల్లో గుర్రానికి కాలు నిలవదు, ఏనుగుకి తోవ చాలదు. మనిషి భుజం ఒక్కటే ఎక్కడికైనా ఎక్కుతుంది.

ఆ పల్లకీని నలుగురు బోయీలు మోసేవారు. వారిలో అందరికన్నా చిన్నవాడు తిప్పన్న. ఇరవై రెండేళ్ళవాడు, ఎద్దు మూపురం లాంటి భుజం. అతని పక్కన మోసేవాడు గంగులు. గంగులుది మంచి గొంతు. పల్లకీ లేచిందంటే అతను పాట ఎత్తుకునేవాడు. మిగతావాళ్ళు "ఓహోం ఓహోం" అని వంత పలికేవారు. ఆ పాటకి బరువు సగం తగ్గేది.

పల్లకీ ముందు బొంగు పట్టేవాడు మల్లప్ప. తిప్పన్నకి వరసకి మామ. ఈ రాజునీ, ఈ రాజుగారి తండ్రినీ మోసిన మనిషి.

ఒకనాడు కొండ కనుమ ఎక్కుతుండగా మల్లప్ప భుజం ఒక్కసారిగా దిగజారింది. పల్లకీ ఒరిగింది. తిప్పన్న రెండు చేతులా ఆపుకున్నాడు కాబట్టి రాజుకి ఏమీ కాలేదు. మరునాడు కొలువులో మల్లప్పకి కొత్త పంచె ఒకటి ఇచ్చి, "ఇక విశ్రాంతి తీసుకో" అన్నారు. అందులో తప్పు మాట ఏదీ లేదు. కానీ ఆ పంచె పట్టుకుని ఇంటికి వెళ్ళిన మల్లప్పకి, ఇంట్లో పొయ్యి మీద పెట్టడానికి ఏమీ లేదు.

తిప్పన్న అతన్ని ఇంటిదాకా దిగబెట్టాడు. గుమ్మంలో కూర్చుని మల్లప్ప మెల్లగా అన్నాడు.

"నలభై ఏళ్ళు మోశాను అల్లుడా. పల్లకీ దింపిన చోటల్లా చెట్టు నీడ దొరికేది. ఆ నీడలన్నీ నావే అనుకున్నాను. ఇవాళ చూసుకుంటే ఒక్క చెట్టూ నాది కాదు."

ఆ మాట తిప్పన్నకి కాల్లో ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వచ్చి భార్య నాగులమ్మతో చెప్పాడు. నాగులమ్మ జొన్న రొట్టె తడుతూ అంతా వింది.

"నీ భుజం ఎన్నాళ్ళు వస్తుందంటావు?" అని అడిగింది.

"ముప్పై ఏళ్ళు రావచ్చు."

"అయితే ముప్పై ఏళ్ళు గడువుందన్న మాట. ముప్పై ఏళ్ళలో ఎంత పెద్ద చెట్టయినా పెరుగుతుంది" అంది. రొట్టె తిరగేసింది.

ఆ ఏడే రాజుగారి పెళ్ళి అయింది. సంతోషంలో రాజు బోయీలను పిలిచి, "ఏం కావాలో కోరుకోండి" అన్నాడు. గంగులు జరీ తలపాగా అడిగాడు. మరొకడు జోడు చెప్పులు అడిగాడు. తిప్పన్న మాత్రం చేతులు కట్టుకుని, "కనుమ పక్కన రాళ్ళగుట్ట ఉంది కదా దొరా, అది ఇప్పించండి" అన్నాడు.

కొలువంతా నవ్వింది. ఆ గుట్ట మీద మేకలు కూడా ఆగవు. రాజు కూడా నవ్వి, గుట్టని అతని పేర రాయించాడు.

రెండేళ్ళకి రాజుకి ఆడపిల్ల పుట్టింది. మళ్ళీ వరాలు. గంగులు వెండి కడియం అడిగాడు. తిప్పన్న, "గుట్ట కింద వాననీళ్ళు నిలిచేలా ఒక గుంట తవ్వించండి దొరా" అన్నాడు. ఈసారి కొలువులో సగం మందే నవ్వారు.

మరో రెండేళ్ళకి రాజు పెద్ద జబ్బు చేసి కోలుకున్నాడు. మూడోసారి వరాలు. గంగులు తన వీధి వీధంతటికీ విందు అడిగాడు. మూడు రోజులు పాటలు, పాయసాలు, ఒకటే సందడి. తిప్పన్న కూడా కడుపునిండా తిని, గంగులు పాటకి అడుగు వేసి ఆడాడు. అతనికి సంబరాలంటే గిట్టక కాదు. కానీ రాజు దగ్గర అతను అడిగింది మాత్రం యాభై బండ్ల చెరువు మట్టి.

రాజుకి ఆశ్చర్యం వేసింది. "తిప్పన్నా, రాళ్ళడిగావు, గుంటడిగావు, ఇప్పుడు మట్టి అడుగుతున్నావు. నీ మనసులో ఏముంది?"

"దొరా, మీ పల్లకీ నా భుజం మీద ఉంది. నా ముసలితనం మాత్రం ఎవరి భుజం మీదా లేదు. అది వచ్చేలోగా దానికో చోటు చూసుకుంటున్నాను."

రాజు మట్టి బండ్లు యాభైకి బదులు అరవై పంపించాడు.

ఇక తిప్పన్న పని మొదలయింది. పగలు పల్లకీ, సాయంత్రం కావడి. రాళ్ళు ఏరి గట్టు కట్టాడు, గుంతల్లో చెరువు మట్టి నింపాడు. రోజుకి పది కడవల నీళ్ళు గుట్ట మీదికి మోసేవాడు. పదకొండు మోయలేదు, తొమ్మిదితో ఆగలేదు.

"అన్నీ చింతలే పెడతాను. చింతచెట్టు నూరేళ్ళు కాస్తుంది" అన్నాడు భార్యతో.

"నూరేళ్ళు కాస్తుంది సరే, కాయడానికి పన్నెండేళ్ళు పడుతుంది. అందాకా గాలి తింటామా? మధ్య మధ్య సీతాఫలాలు పెట్టు. అవి నాలుగేళ్ళకే కాస్తాయి, రాళ్ళనీ లెక్కచేయవు, ఎండనీ లెక్కచేయవు. చింతకి తెగులొస్తే సీతాఫలం ఉంటుంది. సీతాఫలానికి పురుగొస్తే చింత ఉంటుంది" అంది నాగులమ్మ.

తిప్పన్న భార్య మాట విన్నాడు. మొక్కల్ని మేకల నుంచి కాయడానికి మల్లప్పని పెట్టుకున్నారు. రెండు పూటలా తిండి వాళ్ళ దగ్గరే. మల్లప్ప కర్ర పట్టుకుని గుట్టంతా తిరుగుతూ, ప్రతి మొక్కకీ ఒక పాత రాజు పేరు పెట్టి పిలిచేవాడు. "ఈ రాజుగారు ఇవాళ రెండాకులు వేశారు" అని సాయంత్రం తిప్పన్నకి చెప్పేవాడు.

దారిలో గంగులు ఆటపట్టించేవాడు. "పొద్దున దొరని మోస్తావు, సాయంత్రం నీళ్ళు మోస్తావు. బతుకులో ఎప్పుడు దింపుతావు బావా బరువు?"

"దింపుకోవడానికే మోస్తున్నాను బావా. నువ్వూ రా, పక్క గుట్ట ఖాళీగానే ఉంది."

"వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు గంగులు. ప్రతి ఏడూ అదే మాట.

మొక్కలు నడుమెత్తు అయ్యాయి, తలెత్తు అయ్యాయి. సీతాఫలాలు కాపుకొచ్చాయి. నాగులమ్మ గంపకెత్తి సంతలో అమ్మేది. వచ్చిన దానిలో సగం ఇంటికి, సగం మళ్ళీ గుట్టకే.

నాటిన తొమ్మిదో ఏట వానలు మొహం చాటేశాయి. గుంట ఎండింది. కొలువులో జీతాలు సగమయ్యాయి. అప్పుడే వచ్చాడు వీరేశం అనే బొగ్గుల వ్యాపారి. చింతచెట్ల వంక చూసి, "ఇవి ఎలాగూ చస్తాయి. నరికి ఇచ్చెయ్. రెండు పుట్ల జొన్నలిస్తాను" అన్నాడు.

తిప్పన్న వద్దన్నాడు.

నెల తర్వాత మళ్ళీ వచ్చాడు. "మూడు పుట్లు."

తిప్పన్న వద్దనడానికి కాస్త ఆలస్యమయింది.

మరో నెలకి మూడోసారి వచ్చాడు. అప్పటికి చింతల్లో మూడో వంతు ఎండిపోయాయి. ఇంట్లో రోజుకి ఒక్క పూటే సంకటి. "అయిదు పుట్లు. రేపు పొద్దున బండి తెస్తాను" అన్నాడు వీరేశం. తిప్పన్న తల అడ్డంగా ఊపలేదు.

తెల్లవారగానే గొడ్డలి భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు. పల్లకీ కన్నా ఆ గొడ్డలి బరువుగా తోచింది. పైకి వెళ్ళేసరికి మల్లప్ప ఒక చింతచెట్టు దగ్గర కూర్చుని, చిన్న చెంబుతో చుక్క చుక్కగా నీళ్ళు పోస్తున్నాడు. అవి అతను తాగడానికి ఇచ్చిన నీళ్ళు.

"నువ్వు తాగే నీళ్ళు పోస్తున్నావేం మామా?"

"సగం తాగాను. సగం దీనికి" అన్నాడు మల్లప్ప. గొడ్డలిని చూశాడు. చూసి కోప్పడలేదు. "చూడు అల్లుడా, చెట్లు నీవి, కొట్టుకుంటే కాదనేవాడిని కాను. అయిదు పుట్ల జొన్నలు ఒక ఏడు వస్తాయి. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెడదామంటే, ఈ తొమ్మిదేళ్ళు నీకు ఎవరమ్ముతారు? నాకు ఎవరైనా అమ్మితే, ఉన్నదంతా ఇచ్చి కొనుక్కునేవాణ్ణి. నా దగ్గర ఏమీ లేదు, అది వేరే సంగతి."

తిప్పన్న ఎండిన నేల మీద కూలబడ్డాడు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. అంతలో నాగులమ్మ అంబలి ముంత పట్టుకుని పైకి వచ్చింది.

"గొడ్డలి ఎందుకు తెచ్చావయ్యా?" అంది.

"ఎండిన కొమ్మలు కొడదామని."

నాగులమ్మకి అంతా తెలుసు. తెలియనట్టే, "అయితే కొట్టు. ఎండినవే సుమా" అంది.

ఎండిన చెట్లు మాత్రమే కొట్టాడు. ఆ కట్టెలకి వీరేశం అరపుట్టి జొన్నలిచ్చాడు. కరువులోనూ సీతాఫలాలు కాశాయి. కాయ చిన్నదే, తీపి మాత్రం రెట్టింపు. ఆ జొన్నలతో, ఆ పళ్ళతో ఎలాగో ఏడు గట్టెక్కింది. పై ఏడు వాన కురిసింది. గుంట నిండిన రోజున మల్లప్ప పసివాడిలా మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి నిలబడ్డాడు. ఎంత పిలిచినా రాడే.

పోయిన చెట్ల చోట కొత్తవి నాటారు. ఇంకో రెండేళ్ళకి పాత చింతలు కాపుకొచ్చాయి. లేత చిగురు కోసి నాగులమ్మ పప్పు వండి, మొదటి ముద్ద మల్లప్పకి పెట్టింది. అతను కళ్ళు మూసుకుని తిని, "ఏ రాజుగారి చిగురమ్మా ఇది? పులుపు గట్టిగా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు అతను అక్కడే హాయిగా బతికి, హాయిగా వెళ్ళిపోయాడు.

ఏళ్ళు గడిచాయి. తిప్పన్నకి యాభై రెండు వచ్చాయి. ఒకరోజు కనుమ దగ్గర అతని అడుగు ఒక్కటి తడబడింది. ఎవరూ గమనించలేదు. అతనే గమనించాడు. మరునాడు తానే కొలువుకి వెళ్ళి, "దొరా, నా భుజం ఇక సెలవడుగుతోంది. అది ఒరిగేలోగా నేనే దింపుకుంటాను" అన్నాడు.

రాజు మీసాలు కూడా అప్పటికి నెరిశాయి. "ముప్పై ఏళ్ళు మోశావు. ఈసారైనా మంచిది కోరుకో" అన్నాడు.

"ఏమీ వద్దు దొరా. అన్నీ ఉన్నాయి."

ఆ కొలువులో పని మానేవాడు ఏమీ అడగకపోవడం అదే మొదటిసారి. రాజు మంత్రి చెవిలో ఏదో చెప్పి మళ్ళీ అడిగించాడు. తిప్పన్న మళ్ళీ అదే చెప్పాడు.

రాజు ఆ మాట మరిచిపోలేదు. రెండు నెలలు తిరక్కుండా కొత్త బోయీలతో పల్లకీలో బయలుదేరాడు. గుట్ట మొదట్లోనే చింతచెట్ల నీడ మొదలయింది. చల్లగాలి తగిలేసరికి, "దింపండి, నడుస్తాను" అన్నాడు.

పైన చింతపండు కొడుతున్నారు. పదిమంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని కాయ పగలగొట్టి పిక్క తీస్తున్నారు. వాళ్ళ మధ్య గంగులు. జరీ తలపాగా ఎప్పుడో చిరిగిపోయింది, కడియం కరువు ఏటనే అమ్ముడుపోయింది. తిప్పన్న కొలువు మానిన నెలలోనే గంగులు భుజం కూడా పట్టు తప్పింది. సిగ్గుపడి ఇల్లు కదలకుండా కూర్చుంటే, తిప్పన్నే వెళ్ళి పిలిచాడు. "నాకు పనివాడు అక్కర్లేదు బావా, పాటగాడు కావాలి. పాట లేక చెయ్యి ఆడటం లేదు వీళ్ళకి" అన్నాడు. ఇప్పుడు గంగులు పాడుతున్నాడు, అందరూ "ఓహోం ఓహోం" అంటున్నారు, కాయలు ఆ తాళానికే పగులుతున్నాయి.

రాజుని చూసి అందరూ లేచారు. నాగులమ్మ ఆకులో సీతాఫలం పెట్టి ఇచ్చింది. రాజు రాతి మీద కూర్చుని గింజలు ఊస్తూ పండంతా తిన్నాడు. ఇంకొకటి అడిగి తిన్నాడు.

"గంగులూ, నీకు ఇచ్చిందీ నేనే, ఇతనికి ఇచ్చిందీ నేనే" అన్నాడు రాజు.

"నిజమే దొరా. నేను అడిగినవి ఆ ఏటికే సరిపోయాయి. ఇతను రేపటికి అడిగాడు. పక్క గుట్ట ఖాళీగా ఉందని ఏటేటా చెప్పాడు కూడా. వచ్చే ఏడు చూద్దామని నేనే అన్నాను" అన్నాడు గంగులు దాపరికం లేకుండా.

రాజు కాసేపు కొమ్మల కేసి చూశాడు. తర్వాత వెంట వచ్చిన కొత్త బోయీలను పిలిచాడు.

"ఇవాళ్టి నుంచి నెమలికొండలో పల్లకీ బొంగు పట్టే ప్రతివాడికీ మొదటి రోజునే పక్క గుట్టలో చోటు ఇస్తాం. అక్కడ తన చేత్తో చెట్లు నాటాకే బొంగు ముట్టాలి. మొక్కలూ మట్టీ కొలువు ఇస్తుంది. నీళ్ళు మోయడం వాళ్ళ వంతు."

తర్వాత తిప్పన్న వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నాకూ ఒక చింతమొక్క ఇవ్వు. నా కిరీటం కూడా ఏదో ఒకరోజు సెలవడుగుతుంది."

"ఇస్తాను దొరా. కానీ ఇప్పుడు నాటితే కాపుకి పన్నెండేళ్ళు పడుతుంది."

"అంత ఆలస్యమయితే రేపటిదాకా ఆగడం దేనికి? పార ఇటు తే" అన్నాడు రాజు.

రాజు పంచె ఎగగట్టి గుంత తవ్వుతుంటే తిప్పన్న పక్కనే నిలబడి, ఎంత లోతు తవ్వాలో చెబుతున్నాడు. అతని భుజం మీద ఏ బరువూ లేదు. గంగులు కొత్త పాట ఎత్తుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, భుజంలో బలం ఉన్ననాడే కొంచెం కొంచెంగా రేపటి నీడను నాటుకున్నవాడు, బలం ఉడిగిన నాడు తానూ చల్లగా ఉంటాడు, నలుగురినీ చల్లగా ఉంచుతాడు.