వెనక్కి రాని వాట్లు

అంకెలన్నీ బాగున్నాయి. అయినా విశాఖపట్నంలో ఎవరికీ రత్నం గొంతు వినపడటం లేదు.

రోజూ పొద్దున ఏడింటికి ఆమె రేడియో సెట్టు ముందు కూర్చుంటుంది. అదే సమయానికి కోస్తా పొడవునా సొంత సెట్టు మీద మాట్లాడే హామ్ రేడియో లైసెన్సున్న వాళ్లందరూ తమ తమ ఇళ్లల్లో సెట్లు పెట్టుకుంటారు. విశాఖపట్నం కంట్రోల్ స్టేషన్ ఒక్కొక్కరినీ పిలుస్తుంది. భీమిలి పలుకుతుంది. నర్సాపురం పలుకుతుంది. రత్నం వంతు వచ్చినప్పుడు ఆమె కూడా గబగబా పలుకుతుంది. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత కంట్రోల్ ఆపరేటరు, ఎవరో ఉన్నట్టున్నారు గానీ ఒక్క ముక్క అర్థం కావడం లేదని చెప్పి ముందుకు వెళ్లిపోతాడు.

పదకొండు రోజులుగా ఇదే వరస.

ఆదివారం ఆఖరి పరీక్ష. తుఫాను వస్తే ఏయే ఊళ్ల నుంచి రేడియోలో కబుర్లు అందించాలో హామ్ క్లబ్బు వాళ్లు ఆ పొద్దునే జాబితా ఖాయం చేస్తారు. రత్నం ఊరు బంగారమ్మదిబ్బ వినపడకపోతే ఆ చోటు పద్దెనిమిది కిలోమీటర్ల అవతలి ఊరికి పోతుంది.

ఆ పద్దెనిమిది కిలోమీటర్లు ఎంత దూరమో రత్నానికి తెలుసు. రెండేళ్ల కిందటి తుఫానుకి రోడ్డు తెగిపోయింది, సెల్ టవర్లు పడిపోయాయి. అన్న ధనరాజు అప్పుడు పడవ మీద ఉన్నాడు. నిజానికి అతను మొదటి రోజే భీమిలి దగ్గర క్షేమంగా ఒడ్డెక్కాడు. ఆ సంగతి ఇంటికి చేరడానికి డెబ్బై గంటలు పట్టింది. డెబ్బై గంటలూ వదిన గుమ్మంలోంచి లేవలేదు. ఆ వారమే రత్నం కాకినాడ వెళ్లి, రేడియో లైసెన్సు పరీక్షకు పాఠం చెప్పమని మొహిద్దీన్ మాస్టారి గడప తొక్కింది.

డిగ్రీలో ఆమెది లెక్కలు. ఏ పనైనా లెక్క కట్టి మొదలుపెడుతుంది, మొదలుపెట్టాక ఆగలేదు. ఈ పదకొండు రోజుల్లో మైకు మార్చింది. సెట్టుకి కరెంటిచ్చే డబ్బా విప్పి వోల్టేజీ చూసింది. డాబా మీద కట్టిన ఏరియల్ వైరుని మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ ఇరవై మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు. ఏదీ తప్పు లేదు.

గురువారం నాడు కాలేజీ స్నేహితురాలి దగ్గర సెట్టు శక్తిని పెంచే యాంప్లిఫయరు తెచ్చి తగిలించింది. వంద వాట్లు నాలుగు వందలయ్యాయి. కంట్రోల్ ఆపరేటరు ఈసారి కూడా ఎవరో ఉన్నట్టున్నారనే అన్నాడు.

కానీ పక్కింట్లోంచి కాసులమ్మ కొంగు బిగించుకుని వచ్చేసింది.

“ఏమే రత్నం, విశాఖపట్నానికి వినపడవు గానీ నా టీవీలో బలే పలుకుతున్నావే. భక్తి పాటల మధ్యలో నువ్వు హలో హలో అంటుంటే మీ బాబాయి దణ్ణం పెట్టుకోవాలో మానాలో తెలియక చేతులు గాల్లో పెట్టి నిలబడిపోయాడు.”

“రెండు రోజులు ఓర్చుకో పిన్నీ.”

“ఓర్చుకుంటాను. అందాకా ఆ దేవుడు ఓర్చుకోవాలిగా.”

రత్నం యాంప్లిఫయరు విప్పేసింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె నోటుపుస్తకం పట్టుకుని కాకినాడ జగన్నాథపురంలో మాస్టారి ఇంట్లో ఉంది. మొహిద్దీన్ మాస్టారు ముప్పై ఒక్క ఏళ్లు ఓడల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసి వచ్చిన మనిషి. ఇప్పుడు వీధిలో వాళ్లకి ఫ్యాన్లు బాగుచేసి పెడతారు. ఆమె వచ్చేసరికి ఒక ఫ్యాను ఒళ్లో పెట్టుకుని దుమ్ము తుడుస్తున్నారు. ఆమె నిలబడే మొత్తం చెప్పేసింది. ఆయన తుడవడం ఆపకుండా విన్నారు.

తర్వాత పుస్తకం అడిగారు.

అందులో మే నెల నుంచి రోజువారీ మీటరు అంకెలున్నాయి. సెట్టులోంచి ఏరియల్‌కి పంపిన శక్తిలో ఎంత తిరిగి వెనక్కి వస్తోందో చెప్పే మీటరు అది. ఒకటి చూపిస్తే ఏమీ వెనక్కి రాలేదని అర్థం. అంతకంటే మంచి అంకె లేదు. మే నెలలో ఒకటి పాయింటు ఎనిమిది. జులైలో ఒకటి పాయింటు నాలుగు. ఇప్పుడు ఒకటి పాయింటు సున్నా ఐదు. పక్క వరసలో ఇంకో అంకె ఉంది. సెట్టులో ఎప్పుడూ వచ్చే గుర్రుమనే శబ్దం. అది ఏడు నుంచి మూడుకి దిగింది. రెండింటికీ ఎర్ర సిరాతో గీత గీసి చూపించింది. రెండు గీతలూ నున్నగా కిందికి దిగుతున్నాయి.

“బాగుంది. ఇంత తగ్గడానికి ఏం చేశావు?” అన్నారు మాస్టారు.

“ఏం చేయలేదండి. అదే సర్దుకుంది.”

ఆయన ఇంకో రెండు పేజీలు తిప్పారు. జులై పదహారు దగ్గర ఆగారు. ఆ రోజు నర్సాపురం ఆపరేటరు, మీ గొంతు సన్నగా వస్తోందమ్మా అని చెప్పాడట. దాని పక్కనే రత్నం దస్తూరీలో ‘వాళ్ల సెట్టు చూసుకోవాలి’ అని ఉంది. మాస్టారు ఆ మాట మీద వేలు పెట్టి కొంచెంసేపు ఉంచారు. పుస్తకం మూసి ఇచ్చేశారు.

“రేపు వస్తాను.”

ఆదివారం ఏడింటికి ఇంకా నలభై ఆరు గంటలే ఉందని, తప్పేంటో ఇప్పుడే చెబితే సాయంత్రానికల్లా తనే సరిచేసుకుంటానని రత్నం బతిమాలింది.

“చెబితే రాసుకుంటావు,” అని ఆయన మళ్లీ ఫ్యాను చేతిలోకి తీసుకున్నారు.

శనివారం పది గంటల బస్సుకి మాస్టారు దిగారు. చేతిలో గుడ్డసంచి ఉంది. రత్నం అందుకుంది. బరువుకి చెయ్యి కిందికి లాగేసింది. ఏముందండీ ఇందులో అంటే, మధ్యాహ్నానికి పనికొస్తుందిలే అన్నారు.

ఇంటికి వచ్చాక ఆయన టీ తాగారు. ధనరాజు కొత్త వల గురించి అడిగారు. గోడ అవతల నుంచి కాసులమ్మ తన టీవీ గోడు చెప్పుకుంటే అదీ విన్నారు. రత్నం గుమ్మానికీ సెట్టుకీ మధ్య తిరుగుతూనే ఉంది. పదకొండుంబావు అయింది.

చివరికి ఆయన లేచి, సెట్టుని ఐదు వాట్లకి తగ్గించమన్నారు. మీటరు దగ్గర కూర్చోమని, తను అడిగినప్పుడు మాత్రం స్విచ్చి నొక్కి అంకె చెప్పమని చెప్పి, నెమ్మదిగా మెట్లెక్కి డాబా మీదికి వెళ్లారు.

“ఎంత?” పైనుంచి కేక వినపడింది.

“ఒకటి పాయింటు సున్నా ఐదండి.”

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఏదో ఈడుస్తున్న చప్పుడు. గోడ గడియారం చూసుకుంటే తొమ్మిది నిమిషాలు. వెళ్లి చూద్దామని లేచి, మళ్లీ కూర్చుంది.

“ఇప్పుడెంత?”

ఆమె స్విచ్చి నొక్కింది. “ఒకటి పాయింటు రెండండి. కొంచెం పెరిగింది గానీ బాగానే ఉంది.”

“అయితే దీని మీద మాట్లాడొచ్చంటావా?”

“నిక్షేపంగా మాట్లాడొచ్చండి.”

“సరే, పైకి రా.”

రత్నం రెండేసి మెట్లు ఎక్కి వెళ్లింది. మాస్టారు పిట్టగోడ పక్కన బోర్లించిన ప్లాస్టిక్ తొట్టి మీద కూర్చుని ఉన్నారు. సెట్టు నుంచి గోడ వెంబడి పైకి వచ్చిన నల్ల కేబులు ఆయన ఒళ్లో ఉంది. దాని కొసకి ఏమీ లేదు. ఏరియల్ వైరు ఇరవై మీటర్లూ చుట్ట చుట్టి ఆయన కాళ్ల దగ్గర పడి ఉంది.

ఆమె కేబులు కొస చూసింది. చుట్టని చూసింది. తలెత్తి వైరు ఉండాల్సిన రెండు వెదురు గడల మధ్య చూసింది. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

“ఎప్పుడు విప్పారండీ?”

“నువ్వు బాగానే ఉందనకముందే.”

 మాట్లాడటానికి పైన ఏరియలే లేదు, పంపినదంతా వెనక్కి వచ్చి సూది ఎగిరిపోవాలి, అయినా మీటరు నిక్షేపంగా ఉందని చెప్పింది.

మాస్టారు జేబులోంచి చాకు తీసి కేబులు పైతొడుగుని జానెడు పొడవున చీల్చారు. లోపల రాగి అల్లిక ఎర్రగా ఉండాలి. నల్లగా, అక్కడక్కడ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఏరియల్‌తో కలిసే చోట చుట్టిన టేపు మే నెల ఎండకే విచ్చుకుపోయింది. జూన్ నుంచి పడ్డ ప్రతి వానా ఆ సందులోంచి లోపలికి దిగింది.

“చెయ్యి పట్టు,” అన్నారు.

ఆమె అరచెయ్యి చాపింది. ఆయన కేబులు కొసని దాని మీదికి వంచి రెండు వేళ్లతో పైనుంచి కిందికి గట్టిగా పిండుకుంటూ వచ్చారు. ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. పచ్చటి నీళ్లు, చిలుము వాసన.

రత్నం పెదాలు కదిలాయి. వెళ్లినంతా దారిలోనే ఇంకిపోతే, పైకెళ్లి తగిలేదీ ఉండదు, వెనక్కి వచ్చేదీ ఉండదు. అందుకే సూది ఒకటి దగ్గర నిలబడింది. ఏరియల్ ఉన్నప్పటి అంకెకీ, తీసేశాక వచ్చిన అంకెకీ తేడా తీస్తే ఎంత ఇంకిపోతోందో కట్టొచ్చు. ఆమెకి అర నిమిషం పట్టింది.

“వందలో ఎనిమిదేనండి పైకి వెళ్తోంది. మిగతాదంతా వాన నీళ్లకి పోస్తున్నాను.” కొంచెం ఆగి అంది, “గుర్రుమనే శబ్దం తగ్గిందని రాసుకున్నాను కదండీ. అది కూడా...”

మాట పూర్తి చేయలేదు. బయటి నుంచి లోపలికి వచ్చేదీ అదే కేబుల్లోంచి రావాలి.

మాస్టారు చాకు మడిచి జేబులో పెట్టుకున్నారు.

“తిరిగి రానిదల్లా చేరినట్టు కాదమ్మా,” అన్నారు.

 తర్వాత ఆయన సంచి తెమ్మన్నారు. అందులో ముప్పై మీటర్ల కొత్త కేబులు, రెండు కనెక్టర్లు, టేపు చుట్టలు ఉన్నాయి.

“నిన్ననే తెలుసు కదండీ మీకు.”

“నాకు తెలిస్తే నీ సెట్టు పలుకుతుందా?”

అతుకులన్నీ ఆమే పెట్టింది. ఆయన పక్కన కూర్చుని చూశారు. టేపు ఒకసారి చుట్టాక విప్పించి మళ్లీ చుట్టించారు. రెండోసారి చుట్టాక కూడా విప్పించారు. మూడున్నరకి పని అయింది. కాసులమ్మ టీవీ పెట్టి చూసి, ఇప్పుడు రత్నం రావడం లేదని, సీరియల్ వాళ్లు మాత్రమే ఏడుస్తున్నారని గోడ మీద నుంచి చెప్పింది. అల్లిక కుళ్లిన పాత కేబులు గోడ పొడవునా తనే ఏరియల్‌లా తయారై, పక్కింట్లోకి దారి చేసుకుందన్నమాట.

రత్నం మీటరు చూసింది. ఒకటి పాయింటు తొమ్మిది.

మే నెలలో బాగా వినపడినప్పటి అంకె కంటే కూడా ఎక్కువ. వెంటనే ఆమె చెయ్యి కటింగ్ ప్లయరు మీదికి వెళ్లింది. వైరు కొసన నాలుగు సెంటీమీటర్లు తీసేస్తే ఎంతకి దిగుతుందో అప్పటికే లెక్క అయిపోయింది. అరగంట పని, చేసేస్తానండి అంది. మాస్టారు బకెట్లో చేతులు కడుక్కుంటూ, నాలుగింటి బస్సు దాటితే మళ్లీ ఆరింటికేనని, తను బయల్దేరతానని మాత్రం అన్నారు. వద్దనలేదు, చెయ్యమనలేదు.

బస్సు ఎక్కించి వచ్చాక రత్నం డాబా మీదికి వెళ్లి వైరు కింద చాలాసేపు నిలబడింది. ప్లయరు తీయడం, మళ్లీ జేబులో పెట్టుకోవడం. చీకటి పడే వేళకి కిందికి దిగి వచ్చేసింది. వైరు కత్తిరించలేదు.

ఆదివారం ఏడింటికి కంట్రోల్ స్టేషన్ మొదలుపెట్టింది. భీమిలి పలికింది. నర్సాపురం పలికింది. ధనరాజు తలుపు దగ్గర నిలబడ్డాడు. వదిన ఎసరు పొయ్యి మీద పెట్టి లోపలికి వచ్చి గోడకి ఆనుకుంది. వాళ్లిద్దరి వైపూ చూడకుండా రత్నం స్విచ్చి నొక్కింది. ఇన్నాళ్లూ చెబుతున్నట్టే లైసెన్సుతో ఇచ్చిన కాల్‌సైన్, తన పేరు, ఊరి పేరు, జిల్లా ఒక్క ఊపులో చెప్పేసి వదిలింది.

స్పీకర్లో గుర్రుమనే శబ్దం పెద్దగా ఉంది. ఆ శబ్దం మధ్యలోంచి ఆపరేటరు గొంతు వచ్చింది.

“వినపడుతున్నారమ్మా. గట్టిగా వినపడుతున్నారు. కానీ అంత పరుగైతే ఎలా? ఊరి పేరు ఒక్క అక్షరం పట్టుకోలేకపోయాను. తుఫానులో కూడా ఇలాగే చెబుతారా?”

ధనరాజు ముఖం ముడుచుకున్నాడు. చెల్లెలు ఇప్పుడు ఎదురు సమాధానం చెబుతుందని అతనికి తెలుసు.

రత్నం నోరు తెరిచింది. స్విచ్చి నొక్కబోయిన బొటనవేలు అలాగే ఆగిపోయింది. 

“జాబితాలో రాసుకుంటున్నాను,” అంది గొంతు. “మళ్లీ చెప్పండి. నెమ్మదిగా.”

ఆమె బంగారమ్మదిబ్బ అని చెప్పింది. ఒక్కో అక్షరం విడదీసి, ఒక్కోదాని తర్వాత కొంచెం ఆగి, రాసుకునేవాడి చెయ్యి కళ్ల ముందు కదులుతున్నట్టుగా చెప్పింది. తర్వాత స్విచ్చి వదిలేసి, వినడానికి కూర్చుంది.