మోకాల్లో చేరిన జవాను

డాక్టర్ మంగతాయారు గారికి ఒక అలవాటుంది. శిష్యులు ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు. చెప్పులు తొడుక్కుని, "పద నాయనా, అడిగొద్దాం" అంటారు. ఎవరిని అడగాలో మాత్రం ఆవిడే నిర్ణయిస్తారు.

విశాఖలో మాజీ సైనికుల మోకాళ్ళు బాగుచేసే ఆసుపత్రి ఆవిడది. అరిగిన కీలులోంచి ఆవగింజంత గుజ్జు తీసి, ఆ కణాలను గాజు పళ్ళెంలో ఆరు వారాలు పెంచి, తిరిగి ఆ మనిషి మోకాల్లోనే నాటుతారు. పెంచే పని శిష్యుడు జోయెల్‌ది. మనవాడికి అవి కణాలు కావు, కన్నబిడ్డలు. ఆదివారమైనా సరే, వచ్చి వాటిని పలకరించందే కాఫీ గొంతు దిగేది కాదు.

ఆ రోజు జోయెల్ కాళ్ళు నేల మీద లేవు. కాగితాలు ఊపుకుంటూ పరుగున వచ్చాడు. "మేడమ్! నొప్పి ఎంతో పదికి చెప్పమంటే, మనం గుజ్జు నాటిన పన్నెండు మందీ సున్నా అన్నారు! నాలుగు నెలలకే! హవల్దారు సింహాచలం గారైతే మొదటి వారం నుంచీ సున్నాయే. రేపే ఆయన్ని పరుగెత్తించేద్దాం. ఇంకా ఎందుకు ఆగాలి?"

ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు.

బొడ్డేపల్లి సింహాచలంది శ్రీకాకుళం జిల్లా. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు, అందులో చివరి తొమ్మిదేళ్ళు కొత్తగా చేరినవాళ్ళకు కవాతు నేర్పిన ఉస్తాదు. ఇప్పుడు ఊళ్ళో సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్ళు ముప్పై మంది ఆయన కోసం చూస్తున్నారు. వాళ్ళకు ముందుండి పరుగెత్తాలి, అదీ ఆయన కోరిక. కుర్చీలో కూర్చుని ఈల ఊదడమంటే చచ్చేంత నామోషీ. నాటిన గుజ్జు చిరిగిందా, మళ్ళీ తీసి పెంచడానికి ఆ కీలులో ఇంకేమీ మిగల్లేదు.

వీళ్ళు వెళ్ళేసరికి ఆయన వ్యాయామశాలలో చెక్కమెట్లు ఎక్కి దిగుతున్నాడు.

"నొప్పి ఉందా హవల్దారు గారూ?"

"లేదు మేడమ్ సాబ్!" మడమలు కలిపి, హాలు దద్దరిల్లేలా చెప్పాడు.

"చూశారా!" అన్నాడు జోయెల్.

ఆవిడ కిందికి వంగి ఆయన మోకాలి మీద చెయ్యి వేశారు. జోయెల్ చెయ్యి కూడా పట్టుకుని అక్కడే పెట్టారు. పెనంలా కాలుతోంది. అప్పుడు చూశాడు జోయెల్, ఆయన పై పెదవి మీద చెమట. రేపు పరుగెత్తించి ఉంటే ఏమయ్యేది! వాడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"నొప్పని చెయ్యెత్తినోణ్ణి వరసలోంచి తీసి పక్కన కూకోబెడతారు బాబూ. ఇరవై నాలుగేళ్ళు చెయ్యెత్తలేదు నేను."

మంగతాయారు గారు కోప్పడలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "మీ దగ్గర చేరిన కొత్త కుర్రాడు, కాళ్ళు బొబ్బలెక్కినా పైకి చెప్పకపోతే మీరేం చేసేవారు?"

"ఆడు చెప్పేదేటి మేడమ్? అడుగు చూస్తే తెలీదా! బూట్లు ఇప్పించి చూసేవోణ్ణి. నా చేతికిచ్చిన కుర్రోడు పాడైతే తప్పు ఆడిది కాదు, నాది."

"అయితే వినండి. నాలుగు నెలల కిందట ఈ మోకాల్లో ఒక జవాను చేరాడు. ఇంకా పసివాడు. వాణ్ణి మీ చేతికిస్తున్నాను. రిపోర్టు ఇవ్వండి."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. వంగి మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. తరవాత వచ్చిన గొంతు వేరు. "మూడో మెట్టు దాకా బాగానే ఉన్నాడు మేడమ్ సాబ్. నాలుగో మెట్టుకాడ తడబడతన్నాడు. దిగినప్పుడు లోపలేపు సూదిలా పొడుస్తంది ఆడికి. నిన్న సాయంత్రం ఉబ్బినాడు కూడా. ఈ వారం నాలుగో మెట్టు వద్దు, నేనొప్పుకోను!"

జోయెల్ కలం అందుకోలేకపోయింది. ఓరి దేవుడా, నాలుగు నెలల సమాచారం నాలుగు నిమిషాల్లో వచ్చింది! రాసిందే తడవుగా మిగతా పదకొండు మంది దగ్గరికీ పరుగెత్తి, వాళ్ళ మోకాళ్ళలో చేరిన జవాన్ల రిపోర్టు అడిగాడు. సాయంత్రానికి ఆ కాగితాల మీద ఒక్క సున్నా మిగల్లేదు. ఆ రిపోర్టులను బట్టి ఎవరికి ఎన్ని మెట్లో, ఎంత బరువో రోజూ మార్చి రాయడం మొదలుపెట్టాడు. పదో నెలలో హవల్దారు మోకాలి స్కాను వచ్చింది. అరిగిన చోట కొత్త గుజ్జు నున్నగా పరుచుకుని ఉంది! జోయెల్ ఎగిరి గంతేశాడు, గుమ్మానికి నెత్తి కొట్టుకున్నాడు, అయినా నవ్వుతూనే ఉన్నాడు.

ఏడాది నిండాక ఆసుపత్రి వెనక మైదానంలో హవల్దారుకు పరుగు పరీక్ష పెట్టారు. ఒక్క చుట్టు. నర్సులు, వంటవాళ్ళు, పదకొండు మంది పాత సైనికులు, అందరూ గీత దగ్గర చేరారు. హవల్దారు పరుగెత్తాడు. నిజంగా పరుగెత్తాడు! కుంటు లేదు, తడబాటు లేదు. జోయెల్ గడియారం పట్టుకుని పక్కనే ఉరుకుతూ గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఇంకో యాభై అడుగులుంటే చుట్టు పూర్తవుతుంది. అక్కడ ఆయన వేగం తగ్గించి, నిలబడిపోయి, చెయ్యి పైకెత్తాడు.

"ఈ పూటకి చాలు మేడమ్ సాబ్! మావోడు అలిసిపోనాడు!"

జోయెల్ ఆయాసపడుతూ గురువు గారి దగ్గరికి వచ్చాడు. "అయ్యో, యాభై అడుగులే కదా మేడమ్! ఎందుకు ఆగినట్టు?"

మంగతాయారు గారు చప్పట్లు కొడుతూనే ఉన్నారు. "ఇరవై నాలుగేళ్ళు ఎత్తని చెయ్యి ఎత్తాడు, చూశావా! ఊళ్ళో కుర్రాళ్ళకి కబురు పెట్టు నాయనా, ఉస్తాదు వస్తున్నాడని."