ఉత్తర రాకముందే ఊడ్చిన ఉడుత

గిజిగాడి బద్ధకమే అతని కొంప ముంచిందని, పోయినేడు పారేసిన చెత్తను ఉడుత ఊడిస్తే తప్పేమిటని అడవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట ఎవరి నోట పుట్టిందో మాత్రం ఎవరూ అడగరు. పుట్టింది కాకి నోట.

వాగు ఒడ్డు తుమ్మచెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కడతారు. గాలికి నిలిచిన ప్రతి అల్లిక నమూనానూ చెట్టు తొర్రలోని నారతాడుకు ముడివేసి దాస్తారు. కొత్త పద్ధతి బెడిసికొడితే పాతదాన్ని చూసి మళ్లీ అల్లుకోవచ్చు. ఇంకా పరీక్షలో ఉన్నవి ముడి లేకుండా అడుగున ఉంటాయి. పిల్లలు ఎగిరిపోయి అల్లికలు ఆగాక, ఉత్తర కార్తెలో కాపలా ఉడుత తొర్ర ఊడ్చాలి. ముడి పడనివి అప్పుడే చెత్త. అది తాతలనాటి కట్టుబాటు.

ఆ ఏడు గిజిగాడు పొడుగాటి గొట్టం వాకిలికి నమూనా అల్లాడు. కాకి ముక్కు గుడ్ల దాకా చేరని వాకిలి. నమూనాను తొర్ర అడుగున పెట్టి, గూటికి అలాంటిదే అల్లేందుకు నార కోసం వెళ్లాడు.

వెంటనే కాకి వాలింది. వానలు ముదురుతున్నాయని, అడుగున చెమ్మ చేరితే తాడంతా కుళ్లుతుందని ఉడుత మీద జాలి పడింది.

"ఉత్తర దాకా ఆగాలి బావా," అంది ఉడుత.

"అప్పటికి తాడు మిగలాలి కదా వదినా. ముడి లేనిది చెత్తేనని మీ కట్టుబాటే చెబుతోంది. నువ్వు ఊడువు, నేను మోసుకుపోతాను."

ఉడుతకు శుభ్రమంటే ప్రాణం. తోక ఝాడించింది.

గిజిగాడు వచ్చేసరికి తొర్ర అద్దంలా ఉంది. గూట్లో ఆడపక్షి అప్పటికే గుడ్లు పెట్టింది. వాకిలి బార్లా తెరిచి ఉంది. గుర్తుకొచ్చినట్టు అల్లితే మెలిక జారిపోయింది.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెడతారా పెద్దమ్మా?"

ఊడ్చిందంతా కాకి మోసుకుపోయిందని ఉడుత ఒప్పుకుంది. పై కొమ్మ నుంచి కాకి అందుకుంది. అది పోయినేటి గడ్డి అట, పోయిన ఉత్తర దాటినా ముడివేయని సోమరి గిజిగాడేనట. చుట్టూ చేరిన పక్షులు నిజమే కాబోలన్నట్టు తలలూపాయి.

దొంగే దొంగ దొంగని అరుస్తుంటే గిజిగాడికి ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు.

"పోయినేటిదైతే ఎండి ఉండాలి. కాకి మామా, నీ గూట్లో పరుచుకున్నది ఏ రంగులో ఉంది?"

ఉడుతే చరచరా పాకి, కాకి గూట్లోంచి ఆ అల్లికను లాక్కొచ్చింది. దాని పసరు ఇంకా ఆరలేదు.

పొద్దు వాలేలోగా వాకిలి పూర్తయింది. మర్నాడు అందులో దూర్చిన కాకి ముక్కు సగంలో ఇరుక్కుని, ఉత్తదిగానే బయటపడింది.

అల్లేవాడు అల్లుతుండగా చీపురు పట్టినవాడు చెత్తకన్నా ముందు పనిని ఊడుస్తాడు.

ఇంకా పోయినేటి చెత్తే అనేవారికి ఒకటే జవాబు: ఆ అల్లికలోని రెల్లు ఆ ఏటి మృగశిర వానకు మొలిచింది, ఉడుత ఊడ్చింది ఆరుద్ర కార్తెలో.